మలుపు దగ్గర పసుపు చుక్క

మా క్వారీ టెక్కలి నుంచి నందిగాం వైపు వెళ్ళే దారిలో, పెద్ద రోడ్డు దిగి లోపలికి వెళ్తే వస్తుంది. నీలి గ్రానైటు రాయి. కొండని మెట్లు మెట్లుగా కోసుకుంటూ పోయారు. ఒకవైపు మాత్రం జీడితోట మిగిలింది. ఆ తోటకి దిగువన చిన్న పేట ఉంది. మాకు టీ తెచ్చే సూరమ్మది ఆ పేటే.

నేను క్వారీలో కంట్రోల్ రూము ఆపరేటర్‌ని. రూమంటే ఒక ఇనప కంటైనర్. దానికి కిటికీ కోసి, లోపల కంప్యూటర్ తెరలు పెట్టారు. ఎండాకాలం పెనంలా కాలేది. వానొస్తే పైన ఎవరో కంకర పోస్తున్నట్టు చప్పుడు. అయినా నాకు ఆ పని ఇష్టంగానే ఉండేది. కిటికీలోంచి చూస్తే అంతంత బళ్ళు, లోపల మనిషి లేకుండా, వాటంతట అవే ఎక్కుతూ దిగుతూ ఉండేవి. మొదట్లో మా టెక్కలి చర్చిలో వాళ్ళకి చెప్తే ఎవరూ నమ్మలేదు.

ఆ బళ్ళన్నీ ఒక్కలాంటివి కావు. రాయి మోసే పసుపు డంపర్లు కొత్తవి. ఎర్రవి వేరే కంపెనీవి, ఎక్కడో బొగ్గు గనిలో అరిగిపోయాక ఇక్కడికి వచ్చాయి. వీటితో పాటు ఒక తెల్ల టిప్పరు. దాన్ని మా ఫిలిప్పు మావ ఏళ్ళ తరబడి నడిపాడు. ఈ కలగాపులగం మందని ఒకే ప్రోగ్రాం కిందికి తేవడానికి యుగంధర్ గారనే ఇంజనీరు వచ్చారు. సొంతూరు సోంపేట. కొత్త బళ్ళకి కళ్ళు పుట్టుకతోనే ఉన్నాయి, లేజరు కిరణాలతో చూస్తాయి. ఎర్రవాటికి ఆయన వేడిని పసిగట్టే కెమెరాలు బిగించారు. తెల్ల టిప్పరుకి ముందు బంపరు మీద ఒక రాడార్ డబ్బా పెట్టారు. దానికి బొమ్మ తెలీదు. ముందర మనిషి ఉన్నాడా లేడా, ఎంత దూరంలో ఉన్నాడు, అంతే చెప్తుంది.

నా తెర మీద బళ్ళు త్రికోణాల్లా కదులుతుండేవి. మా హెల్మెట్లలో చిప్పు ఉంటుంది కాబట్టి మా మనుషులు ఆకుపచ్చ చుక్కలు. చిప్పు లేకుండా ఎవరైనా వస్తే పసుపు చుక్క. ముందర మనిషి కనిపిస్తే ఏ బండైనా సరే టక్కున ఆగిపోవాలి. యుగంధర్ గారు తన కూతురి గురించి చెప్పినట్టు గర్వంగా చెప్పేవారు ఆ మాట.

డ్రైవర్ల పని పోయాక మావని బాట కాపలాకి పెట్టారు. చేతిలో టార్చి, భుజాన వాకీటాకీ. తను నడిపిన టిప్పరు ఖాళీ సీటుతో ఎదురొస్తే ఆగి, సెల్యూట్ కొట్టి నవ్వేవాడు.

అక్టోబరులో తుఫాను హెచ్చరిక వచ్చింది. కూలీలందరినీ ఇళ్ళకి పంపేశారు. మేం ముగ్గురమే మిగిలాం. యుగంధర్ గారు, నేను, మావ. మిగలడానికి కారణం ఉంది. క్వారీ గోతుల్లో నీళ్ళు నిండితే అవి పొర్లి పొర్లి సూరమ్మ వాళ్ళ పేట మీదకి దిగుతాయి. పేట పైన రాతిముక్కలతో గట్టు వేస్తున్నాం. సగం అయింది. మనుషుల్ని పెట్టడానికి వీల్లేని గాలివానలో మనుషుల్లేని బళ్ళే ఆ గట్టు పూర్తి చెయ్యాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యేసరికే ఆకాశం నల్లగా దిగిపోయింది. బళ్ళ హెడ్‌లైట్లు వాటంతట అవే వెలిగాయి. వాన అడ్డంగా కొడుతోంది. జీడిచెట్లు అన్నీ ఒకే పక్కకి వంగి హోరుమంటున్నాయి.

అప్పుడు మొదటి పసుపు డంపరు మలుపు దగ్గర ఆగింది.

ఆ మలుపు పాత గొయ్యి పక్కన. ఒకవైపు రాతిగోడ, ఒకవైపు లోయలాంటి గొయ్యి. తెర మీద డంపరు ముందు ఒక పసుపు చుక్క.

వాకీటాకీ తీసుకున్నాను. "మావా, మలుపు కాడ ఎవులో ఉన్నారు. ఓపాలి సూడవా?"

"ఈ వానలో ఎవులుంతారే గుంటా?" అన్నాడు మావ. "మేకలోళ్ళు గావాల. ఎల్తన్నాను."

ఆకుపచ్చ చుక్క మెల్లగా దిగింది. ఈలోగా వెనక నుంచి ఎర్ర డంపరు వచ్చి, అదీ ఆగింది. దాని వెనక తెల్ల టిప్పరు.

"ఎవులూ నేరమ్మా," మావ గొంతు వానలో చిల్లులు పడినట్టు వినిపించింది. "బండి ముందరే నిలబడి సెప్తన్నాను. నానూ బండీ, అంతే."

నేను తెర వైపు చూశాను. ఆకుపచ్చ చుక్క పక్కనే పసుపు చుక్క. రెండూ ఒకదానికొకటి తగులుతున్నాయి.

యుగంధర్ గారు కుర్చీ జరుపుకుని వచ్చారు. "వానకి లేజర్ మోసపోతుంది కెజియా గారూ. చూద్దాం ఉండండి." పసుపు డంపరు చూస్తున్న బొమ్మ తెరిచారు. లేజరు బొమ్మంటే ఫోటో కాదు. వేల చుక్కలు కలిసి ఆకారం అవుతుంది. రాతిగోడ కనిపించింది. పొడుగ్గా, హెల్మెట్‌తో మావ కనిపించాడు. ఆయన పక్కన ఇంకొకరు. పొట్టి మనిషి. తల మీద మూట. మూట పడకుండా ఒక చెయ్యి పైకెత్తి పట్టుకుని ఉంది. బండికేసి చూస్తూ నిలబడింది... దారి ఇస్తే వెళ్దామన్నట్టు.

ఆయన ఎర్ర డంపరు కెమెరా తెరిచారు. అందులో వేడిగా ఉన్నవి తెల్లగా కనిపిస్తాయి. మావ తెల్లగా ఉన్నాడు. పక్కనున్నది నల్లగా ఉంది. వానకన్నా, రాయికన్నా నల్లగా. చుట్టూ ఉన్న అన్నిటికన్నా చల్లగా.

"చెట్టుకొమ్మ విరిగి పడిందేమో సార్," అన్నాను.

"ఒక కంపెనీ బండైతే దాని తప్పనుకుందును." ఆయన మెల్లగా అన్నారు. "ఇవి ఒకదాని మాట ఒకటి వినవు. ఒక్కోటి ఒక్కోలా చూస్తుంది. అన్నీ ఒకే చోట ఆగాయంటే..."

నా ఫోన్ మోగింది. సూరమ్మ. వెనకాల పిల్లల ఏడుపులు. "అమ్మా కెజియా, నీరు మా ఈదిలోకి వొచ్చేత్తంది. గట్టు ఏత్తన్నారా నేదా? ముసిలోళ్ళని ఎత్తుకుని ఎక్కడికెల్తాం, గాలి నిలబడనిత్తే కదా!"

ఆ మాట యుగంధర్ గారు కూడా విన్నారు. వాకీటాకీ అందుకుని మావని మలుపు దాటి పైకి వచ్చెయ్యమన్నారు. ఆకుపచ్చ చుక్క పైకి కదిలాక, మలుపు చుట్టూ తెర మీద ఒక గడి గీశారు. ఆ గడిలో ఏది కనిపించినా లేనట్టే లెక్క, ఆగక్కర్లేదు అని బళ్ళకి చెప్పడం అది.

"సార్, నిజంగా ఎవరైనా ఉంటే?"

"ఫిలిప్పు గారు కళ్ళారా చూశారు కదా. ఎవరూ లేరు." నొక్కేశారు.

పసుపు డంపరు కదిలింది. పసుపు చుక్క మీంచి వెళ్ళింది. తర్వాత ఎర్రది. తర్వాత టిప్పరు. నేను తెర వైపే చూస్తున్నాను. బళ్ళు దాటిపోయాయి.

చుక్క అక్కడే ఉంది.

రెండో పసుపు డంపరు దగ్గరికి వస్తూంటే దాని బొమ్మ తెరిచాను. ఎందుకు తెరిచానో తెలీదు. ఆ మనిషి అలాగే నిలబడి ఉంది. కానీ తల మీద మూట లేదు. మూట నేల మీద, కాళ్ళ పక్కన ఉంది. చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి. ఇప్పుడది బండికేసి చూడడం లేదు. చుక్కల బొమ్మలో ముఖం ఉండదు. భుజాలు ఎటు తిరిగాయో మాత్రం తెలుస్తుంది.

అవి మా కంటైనర్ వైపు తిరిగి ఉన్నాయి.

"సార్..."

"చూస్తున్నాను."

చుక్క కదిలింది. గడి దాటి బయటికి వచ్చింది. బాట అంచు పట్టుకుని పైకి నడుస్తోంది. తొందరేం లేదు. దాని ముందు, కాస్త దూరంలో, మావ ఆకుపచ్చ చుక్క.

అప్పుడే వాసన వచ్చింది. జీడితొక్క కాలిన వాసన. మా అమ్మ పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేసేది. ఆ ఘాటు నాకు చిన్నప్పట్నుంచి తెలుసు. కానీ ఇక్కడ ఫ్యాక్టరీ లేదు. ఇంత వానలో ఎక్కడా పొగ లేస్తుందనుకోను. కంటైనర్ తలుపు మూసి ఉంది. అయినా ముక్కు మండేంత వాసన.

వాకీటాకీ నోటికి ఆనించి గుసగుసగా అన్నాను. "మావా... నీ యెనకాల ఎవరైనా ఉన్నారా?"

"ఏటీ?"

"యెనకాల..."

గరగర. వాన. తర్వాత మావ గొంతు. "ఎవులూ నేరే. ఏటే, ఏటైంది నీకు?"

రెండు చుక్కల మధ్య దూరం తగ్గింది. ఇంకా తగ్గింది. తగిలాయి... ఒక్కటయ్యాయి. ఒక క్షణం రంగు ఏదో చెప్పలేని చుక్క. ఆ తర్వాత ఏమీ లేదు. ఆకుపచ్చా లేదు, పసుపూ లేదు. బాట ఖాళీ.

"మావా!"

"ఉన్నాను కదే. ఏటలగ అరుత్తన్నావు?"

కిటికీ అద్దం తుడిచి చూశాను. కింద బాట మీద మావ టార్చి వెలుగు ఊగుతూ పైకి వస్తోంది. మనిషి ఉన్నాడు. మాట్లాడుతున్నాడు. పక్కనుంచి దిగుతున్న ఎర్ర డంపరు కెమెరా తెరిచాను. సరిగ్గా ఆ టార్చి ఉన్న చోటే చూస్తోంది అది. రోడ్డు కనిపిస్తోంది. వాన కనిపిస్తోంది. మనిషి లేడు. ఎర్ర డంపరు ఆయన పక్కనుంచే, కొంచెం కూడా నెమ్మదించకుండా, బురద చిమ్ముకుంటూ వెళ్ళిపోయింది.

"ఓలమ్మో!" అని మావ అరుపు. "ఇదేటి, బండి నన్ను రాసుకుంతా ఎల్లిపోయింది?"

పైన గట్టు దగ్గర రాయి దించేసి తెల్ల టిప్పరు తిరిగి దిగుతోంది. బాట అక్కడ సన్నం. ఒక పక్క రాయి, ఒక పక్క గొయ్యి. పక్కకి తప్పుకోడానికి చోటు లేదు.

అన్ని బళ్ళనీ ఒకేసారి ఆపే ఎర్ర బటన్ నా బల్ల మీదే ఉంది. అరచేత్తో బలంగా కొట్టాను. పసుపువి ఆగాయి. ఎర్రవి ఆగాయి. తెల్ల టిప్పరు ఆగలేదు. పాత బండి. దాని డబ్బాకి మా మాట గాలిలో వెళ్ళి చేరాలి. వాన బాగా ఉంటే ఆలస్యంగా చేరుతుంది. ఒక్కోసారి చేరనే చేరదు.

మళ్ళీ కొట్టాను. మళ్ళీ. యుగంధర్ గారు కీబోర్డు మీద ఏదో కొడుతున్నారు. తప్పులు పడితే చెరిపి మళ్ళీ కొడుతున్నారు.

"మావా, టిప్పరు! టిప్పరు వొత్తంది, గోడకి అతుక్కుపో!"

గరగర. మావకి వినిపించలేదు. టార్చి అలాగే ఊగుతూ పైకి వస్తోంది. పైనున్న ఇంకో మలుపు చాటు నుంచి హెడ్‌లైట్లు బయటికి వచ్చాయి. వెలుగు టార్చిని మింగేసింది.

నేను కళ్ళు మూసుకోలేదు. మూసుకుని ఉండాల్సింది.

తెర మీద, టిప్పరు త్రికోణం ముందు, ఒక పసుపు చుక్క వెలిగింది.

బ్రేకులు కీచుమన్నాయి. ఆ చప్పుడు వానని చీల్చుకుని కంటైనర్ దాకా వచ్చింది. తర్వాత ఇంజను గుర్రుమంటూ నిలబడిపోయిన చప్పుడు. రాడార్ డబ్బా దాని ఒకే ఒక్క మాట పంపింది. ముందర మనిషి. చాలా దగ్గర.

మేం ఇద్దరం పరిగెత్తాం. నా చెప్పులు ఎక్కడ ఊడాయో తెలీదు. మావ టిప్పరు ముందు నిలబడి ఉన్నాడు. చెయ్యి చాస్తే బంపరు తగిలేటంత దగ్గర. టార్చి ఇంకా వెలుగుతోంది. పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటున్నాడు.

"మావా, దెబ్బేం తగల్లేదు కదా?"

తల అడ్డంగా ఊపాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, ఎవరైనా వింటారేమో అన్నట్టు అన్నాడు. "వాన పళ్ళేదే నా మీద. ఓపాలి... ఎవులో ముందర నిలబడి అడ్డం పెట్టినట్టు."

ఆయన చొక్కా ముందు భాగం పొడిగా ఉంది. ఆ వానలో... ఛాతీ నుంచి నడుము దాకా పొడిగా ఉంది. దాని మీంచి జీడితొక్క కాలిన వాసన వస్తోంది.

యుగంధర్ గారు ఆ గడిని తుడిచేశారు. ఆ తర్వాత మలుపు దగ్గర ఏ బండీ ఆగలేదు. చుక్క మళ్ళీ రాలేదు. మావ మాత్రం ఎవరు చెప్పినా వినకుండా టిప్పరు ఎక్కి, బండిని దానంతట నడిపే యంత్రం మీట కిందికి లాగి ఆపేసి, చేత్తోనే స్టీరింగ్ పట్టాడు. మిగతా బళ్ళు వాటంతట అవి, మావ తనంతట తను, గట్టు కట్టేశారు. పేట మునగలేదు.

తుఫాను పోయాక సూరమ్మ టీ పట్టుకుని వచ్చింది. చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. గ్లాసులు తుడుస్తూ అంది. "ఆ మలుపు మా తోట దారే కదమ్మా. కొండ కొయ్యక ముందు పిక్కలేరుకుని ఆడోళ్ళందరం అటే వొచ్చీవోళ్ళం. దారి మీరు తీసేత్తే మాత్రం, నడిసినోళ్ళకి తెలుత్తాదేటి?"

"ఎవరైనా చనిపోయారా అక్కడ?"

"సచ్చినోళ్ళు ఎక్కడ నేరు?" అని గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది.

అంతటితో అయిపోయిందనుకున్నాం. మళ్ళీ పని మొదలుపెట్టే ముందు బళ్ళని పరీక్ష చెయ్యాలి. యుగంధర్ గారు పసుపు డంపరు ముందు నిలబడ్డారు. దూరంగానే ఆగింది. నేను నిలబడ్డాను. ఆగింది. మావ నిలబడ్డాడు.

ఆగలేదు.

యుగంధర్ గారు చేతిలో బటన్ సిద్ధంగా పెట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. చిప్పు పాడైందని మార్చారు. హెల్మెట్ మార్చారు. మావ హెల్మెట్ తను పెట్టుకుని నిలబడ్డారు. ఆగింది. మావకి మాత్రం ఆగలేదు. ఎర్ర డంపరు ఆగలేదు. చివరికి తెల్ల టిప్పరు, ఏళ్ళ తరబడి మావ చేతి కింద తిరిగిన బండి, అదీ ఆగలేదు. ఏ కంపెనీ బండికీ, ఏ రకం కంటికీ ఫిలిప్పు మావ అనే మనిషి లేడు.

మావ నవ్వేశాడు. "నా మీద అలిగీసేయేటే అన్నీ?" కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. క్వారీలోకి రావద్దని ఆయనకి చెప్పేశారు. యుగంధర్ గారు నెల తిరక్కుండా పని మానేశారు. ఫోన్ చేస్తే ఎత్తరు. నేనూ మానేసి పలాస వచ్చేశాను. అమ్మా నేనూ కాశీబుగ్గలో ఉంటున్నాం. మావ తన కొబ్బరిచెట్లు చూసుకుంటూ ఇంటి పట్టునే ఉంటున్నాడు. ఆరోగ్యంగానే ఉన్నాడు. అన్నం బాగానే తింటాడు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం అత్త చెయ్యి వదలదు.

మొన్న ఆదివారం మావ కూతురు మౌనిక బిడ్డని చర్చిలో దేవుడికి ప్రతిష్ఠ చేశారు. పాస్టర్ గారి ప్రార్థన అయ్యాక అందరం బయట మెట్ల మీద ఫోటోకి నిలబడ్డాం. మౌనిక భర్త ప్రేమ్ సాగర్ కొత్త ఫోన్ స్టాండుకి బిగించి, మేం సరిగ్గా కనిపిస్తున్నామో చూడమని నన్ను పిలిచాడు. వెళ్ళి చూశాను. ఫోన్ ఒక్కొక్కరి ముఖం వెతుక్కుని చుట్టూ తెల్లటి చదరం గీస్తోంది. అత్తకి వచ్చింది. మౌనికకి వచ్చింది. పసిబిడ్డకి కూడా వచ్చింది.

మావకి రాలేదు. వస్తుందని నేనూ అనుకోలేదు.

ఆయన పక్కన ఖాళీ ఉంది, నేను వెళ్ళి నిలబడాల్సిన చోటు. అక్కడ గాలిలో ఒక చదరం వచ్చింది. అటూ ఇటూ కొంచెం కదిలి, కుదురుకుంది.

"అక్కా, బేగి ఎల్లి నిలబడు, టైమర్ పెట్టేను," అన్నాడు ప్రేమ్ సాగర్.

నేను స్టాండు పక్కనే ఉండిపోయాను. మావ మటుకు ముందుకే చూస్తూ, చిరునవ్వుతో, పక్కకి ఒక అడుగు జరిగాడు. ఇరుకులో ఇంకొకరికి చోటిచ్చినట్టు. ఫోటో క్లిక్కుమంది.

తర్వాత ఆయన్ని అవతలికి తీసుకెళ్ళి మెల్లగా అడిగాను. "మావా, ఎందుకు జరిగావు?"

ఆయన నా వైపు తిరిగాడు.

"జరుగు అని నా సెవిలో అన్నది... నువ్వు కాదేటే?"